‘గ్యాస్’ అని సరిపెట్టుకోవద్దు



కడుపులో మంట పుట్టిన ప్రతిసారీ మనము ‘గ్యాస్’ అంటాము. మందుల దుకాణములో ఒక బిళ్ల కొని, నెలల తరబడి అలాగే నెట్టుకొస్తాము. ఆ మాట వెనుక ఏమి దాగి ఉండవచ్చునో నేడు తెలుసుకుందాము.

జీర్ణాశయ క్యాన్సర్‌కు ముఖ్య కారణము హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దీనిని 1982లో గుర్తించిన ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఇది చాలావరకు బాల్యములోనే, ఇరుకైన ఇళ్లలో, పారిశుద్ధ్యము కొరవడిన చోట సోకుతుంది. సోకిన వారందరికీ క్యాన్సర్ రాదు. అయితే ఏళ్ల తరబడి సాగిన వాపు కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. పొగతాగడము, ఉప్పులో నిలవచేసిన ఆహారము ఈ ముప్పును పెంచుతాయి.

శ్వాస పరీక్షతోగాని, మల పరీక్షతోగాని దీనిని కనిపెట్టవచ్చు. సుమారు రెండు వారాల మందులతో చాలామందిలో నిర్మూలించవచ్చు. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు. కారణము లేకుండా బరువు తగ్గినా, కొద్దిగా తినగానే కడుపు నిండినా, మలము నల్లబడినా, వాంతిలో రక్తము కనబడినా జాప్యము చేయక వైద్యుని చూడాలి, ఎండోస్కోపీ గురించి అడగాలి.

పొగాకు మానడము మన చేతిలోనిది. మురుగు కలవని నీరు, ప్రభుత్వ ఆసుపత్రిలో సకాల పరీక్ష మాత్రము మన ఒక్కరి చేతిలో లేవు. ప్రజారోగ్యమును మెరుగుపరచడము రాజ్యము ప్రాథమిక కర్తవ్యమని రాజ్యాంగము 47వ అధికరణము చెబుతున్నది. కనుక వాటిని దయగా అర్థించము, హక్కుగా అడుగుదాము.