గోడకు వేలాడే నోటుపుస్తకం

ఈరోజు పట్టాలు అందుకుంటున్న యువ ఇంజనీర్లకు అభినందనలు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మన్యంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. వానాకాలం. చెట్టుకొమ్మ విరిగి తీగల మీద పడడంతో మూడు రోజులుగా కరెంటు లేదు. ముందురోజు రాత్రి టార్చిలైటు వెలుగులో కాన్పు చేశామని నర్సమ్మ చెప్పింది. మేడెక్కి చూస్తే సోలార్ పలకలు చక్కగా ఉన్నాయి. మీటరు పెడితే ఓల్టేజీ సరిగ్గానే చూపించింది. కిందికి వచ్చి బ్యాటరీ మూతలు తీశాను. లోపల ప్లేట్లు ఎండిపోయి తెల్లబారి ఉన్నాయి.

"వీటిలో నీళ్లు పోయాలని మాకెవరూ చెప్పలేదు సార్. బిగించారు, ఫొటో తీసుకున్నారు, వెళ్లిపోయారు" అందామె.

డిస్టిల్డ్ వాటరు డబ్బా ఖరీదు ఆ పలకల ఖరీదు ముందు ఏపాటి? తప్పు ఆమెది కాదు, మన వృత్తిది.

ఇప్పుడు సోలార్ ఊరూరికీ వస్తోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మంచి పథకం. కానీ బ్యాటరీ లేకుండా గ్రిడ్డుకు కలిపిన పలకలు వీధిలో కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన మేడ మీది కరెంటు తగలకూడదని ఇన్వర్టరును అలా తయారు చేస్తారు. అలాగే ఉండాలి కూడా. ఈ సంగతి డబ్బు కట్టకముందే ఇంటివాళ్లకు చెప్పండి. బిల్లు తగ్గడం వేరు, కోత వేళ దీపం వెలగడం వేరు. రెండోది కావాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. ఖర్చు పెరుగుతుంది. అదీ చెప్పండి.

అందుకే పలకల లెక్క తర్వాత వేయండి. ఏది ఆరిపోకూడదో ముందు అడగండి. కాన్పుల గదిలో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, ముప్ఫై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు నడిచినా ఒక్క యూనిట్ కాదు. మన ఎండలో కిలోవాటు పలకలు రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు ఇస్తాయి. పాత ఫ్యాన్లయితే ఒక్కొక్కటీ డెబ్బై అయిదు వాట్ల దాకా తింటుంది. ఇక టీకాలను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. వాటి కోసం బ్యాటరీ అక్కర్లేని సోలార్ ఫ్రిజ్‌లు ఉన్నాయి. పగటి ఎండతో లోపల మంచు గడ్డ కట్టించుకుని, రాత్రంతా ఆ మంచుతోనే చల్లగా ఉంటాయి. ఆ ఆలోచన పుట్టిన బుర్రకు నేను చేతులెత్తి దండం పెడతాను.

బీహార్‌లోని ధర్నాయి గురించి కూడా మీరు తెలుసుకోవాలి. మూడు దశాబ్దాలుగా కరెంటు లేని ఆ ఊళ్లో 2014లో గ్రీన్‌పీస్, మరికొన్ని సంస్థలు కలిసి 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టాయి. ఊరివాళ్లు మాత్రం తమకు అసలు కరెంటు కావాలన్నారు. ఆ మైక్రోగ్రిడ్ మీద ఫ్రిజ్ లాంటివి నడపకూడదు మరి. గ్రిడ్డు వచ్చాక ఆ ఏర్పాటు క్రమంగా మూలపడింది. ఆ ఊరివాళ్లను తప్పుపట్టేవాళ్లున్నారు. నేను పట్టను. మన ఇళ్లలో అన్నీ నడుపుకుంటూ పల్లెకు నాలుగు బల్బులు చాలనడం అన్యాయం. పల్లెకు గ్రిడ్డూ కావాలి, అది పడిపోయినప్పుడు ఆదుకునే సోలారూ కావాలి.

ఆ మన్యం ఆసుపత్రికి కొత్త బ్యాటరీలు వచ్చినప్పుడు అక్కడి అటెండరుకు ఒక పూట కూర్చుని పని నేర్పాం. నీళ్లు ఏ తేదీన పోశారో, పలకలు ఎప్పుడు తుడిచారో రాయడానికి గోడకు ఒక నోటుపుస్తకం కట్టాం. రెండేళ్ల తర్వాత వెళ్లి తిరగేస్తే ఒక్క నెల కూడా ఖాళీ లేదు. దీపాలు వెలుగుతున్నాయి.

మీరు పలకలు బిగించిన ప్రతి చోటా అలాంటి పుస్తకం ఒకటి వేలాడదీయండి. మొదటి పేజీలో మీ ఫోన్ నంబరు రాయండి. అది మోగినప్పుడు ఎత్తండి.