బ్యాగ్ కంటే ముందు కాగితం
(రాయ్‌పూర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ అయ్యాక మెడికల్ రెప్‌గా చేరాలా వద్దా అని మీలో చాలామంది అడుగుతున్నారు. పీహెచ్‌డీకి ముందు రెండేళ్లు నేనూ ఆ బ్యాగ్ మోశాను. ఈ ఊళ్లోనే, మనం మేకాహారా అని పిలుచుకునే డాక్టర్ అంబేద్కర్ స్మారక ఆసుపత్రి దగ్గర గంటల తరబడి నిలబడ్డాను. బాబాసాహెబ్ పేరున్న గేటు ముందు కూడా నా ఇంటిపేరు చెప్పడానికి జంకేవాణ్ణి.

ఇంటర్వ్యూలో మేనేజర్ ముందు అడిగింది మార్కులు కాదు, మా నాన్న ఏం చేస్తారని. రైల్వేలో సఫాయి పని అన్నాను. "డాక్టర్లతో మాట్లాడగలవా?" అన్నాడు.

ఆర్టికల్ 16(4) ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటు కంపెనీ గడప దాటదు. అక్కడ మనకు మిగిలేది కార్మికుడిగా ఉన్న హక్కే. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులకు నియామక పత్రం, సెలవులు ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. మెడికల్ రెప్‌లు పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచనం ప్రకారం 'వర్క్‌మన్' కారని 1994లో సుప్రీంకోర్టు తేల్చాక, ఆ ప్రత్యేక చట్టమే వాళ్లకు అండగా ఉండేది. దాన్ని కలిపేసుకున్న 2020 నాటి కార్మిక కోడ్‌లోనూ నియామక పత్రం తప్పనిసరే.

నేను ఆ పత్రం అడగలేదు. టార్గెట్ అందుకోలేని ఒక నెలలో, ఇక రావద్దని ఫోన్‌లోనే చెప్పారు. ఎవరికైనా చూపించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.

వెళ్లొద్దని నేను అనను. ఇంటికి జీతం ఎంత అవసరమో నాకు తెలుసు. కాగితం చేతికి వచ్చాకే బ్యాగ్ భుజానికెత్తుకోండి. చేరిన నెలలోనే యూనియన్ సభ్యత్వం తీసుకోండి.

జై భీమ్!