కంటికి కనపడని దుమ్ము

(చింతామణిలో క్వారీ, క్రషర్ కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కామ్రేడ్స్,

బాగేపల్లి, గుడిబండ, చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల నుంచి ఒకరోజు కూలి వదులుకుని మీరంతా వచ్చారు. కాబట్టి అవసరమైన నాలుగు మాటలే చెబుతాను.

2021 ఫిబ్రవరి 22 అర్ధరాత్రి దాటాక, మన పేరేసంద్ర దగ్గర హిరేనాగవల్లిలో జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. అక్రమంగా దాచిన మందును గుట్టుగా వదిలించుకోబోతే జరిగిన ఘోరమది. అంతకు నెలరోజుల ముందే, జనవరి 21న, శివమొగ్గ దగ్గర హుణసోడులో ఇలాంటి పేలుడే జరిగింది. మందు ముట్టవలసింది లైసెన్సు, శిక్షణ ఉన్నవాళ్ళే. "దీన్ని అక్కడ పారేసి రా" అని ఎవరు చెప్పినా చెయ్యి పెట్టకండి. పోయిన కూలి మళ్ళీ వస్తుంది, ప్రాణం రాదు.

పేలుడు జరిగితే పేపర్లో వస్తుంది. దుమ్ముతో చచ్చినవాడి సంగతి ఎవరూ రాయరు.

మన బండలో సిలికా ఉంది. డ్రిల్లింగులో, క్రషర్ దగ్గర లేచే దుమ్ములో కంటికి కనపడేది చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనపడని సన్నదుమ్ము ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. దాన్ని నయంచేసే మందు లేదు. పని మానేసినా జబ్బు ముదరవచ్చు. క్షయ కూడా తొందరగా పట్టుకుంటుంది. మన పాత కోలారు జిల్లాలోనే, బంగారు గనుల్లో, 1940-46 మధ్య 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభైమందికి పైగా ఈ జబ్బు బయటపడింది.

నాతోపాటు డ్రిల్లింగు పట్టిన ఒక తమ్ముడు రెండుసార్లు టి.బి. మందులు మింగాడు. ఆస్పత్రి చీటీలో "కూలి" అని రాశారు. ఏం కూలి అని వాళ్ళు అడగలేదు, ఇతను చెప్పలేదు. అతను పోయాక భార్య పరిహారం కోసం తిరిగింది. హాజరు పుస్తకంలో పేరే లేదు. పేరు రాయించుకోమని ఆనాడు నేనూ చెప్పలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమల్లోకి వచ్చింది. దానిమీద మన విమర్శలు మనకున్నాయి. అయినా నియామక పత్రం, ఉచిత వార్షిక వైద్యపరీక్ష అందులో ఉన్నాయి. సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చారు. వీటిని అడిగి తీసుకుందాం.

ఇంకా ఏం అడగాలి? నీళ్ళు పోస్తూ డ్రిల్లింగు చేయాలి. క్రషర్ నోటి దగ్గర నీటి తుంపర ఉండాలి. కంకర పోయే బెల్టుకు రేకుల కప్పు ఉండాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు, సరైన మాస్కు ఇవ్వాలి. ఆస్పత్రికి వెళితే మొదట మీ పనేమిటో చెప్పండి, చీటీలో రాయించండి, ఎక్స్‌రే దాచుకోండి.

క్రషర్ పక్క రైతులనూ కలుపుకుందాం. వాళ్ళ మల్బరీ, ద్రాక్ష తోటల మీద పడేదీ ఈ దుమ్మే. పట్టుపురుగుకు దుమ్ముపడిన ఆకు వేయడానికి మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఒప్పుకోరు. పురుగుకు చూపే ఆ జాగ్రత్త మనిషికీ చూపాలని అడుగుతున్నాం. ఇందులో గొంతెమ్మ కోరిక ఏమీ లేదు.

రేపు పనికి వెళ్ళగానే హాజరు పుస్తకంలో మీ పేరుందో లేదో చూసుకోండి. అక్కడినుంచి మొదలుపెడదాం.