పడవ బలం తోకలో ఉంది
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉపన్యాసాలిచ్చేవాణ్ణి కాదు, గ్రీజు చేతుల మనిషిని. సంఘం వాళ్లు పిలిచి మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు తెలిసిన సంస్కృతి అంటే నదే. కొండరెడ్లమైనా కోయలమైనా, శబరి వచ్చి గోదారిలో కలిసే ఈ కూనవరం చుట్టుపక్కల పుట్టినవాళ్లం. మన తాతలు వెదుళ్లు తెప్పలు కట్టి గోదారి మీద దింపిన వాళ్లు. దోనె పోయి నావ వచ్చింది, గెడ పోయి ఇంజన్ వచ్చింది. అందుకని ఇవాళ ఇంజన్ గురించే మాట్లాడతాను. నవ్వకండి, ఇదీ సంస్కృతే.

మీలో చాలామంది దగ్గర లాంగ్ టెయిల్ ఇంజన్లున్నాయి. పడవ వెనక, అమరం మీద ఇంజన్, దానికి పొడుగాటి షాఫ్ట్, చివర ఫ్యాను. ఇప్పుడు ఆగస్టు, రెండు గట్లూ ఒరుసుకుని నీళ్లు పారుతున్నాయి గనక దాని విలువ కనపడదు. మార్చి దాటాక ఇసుక మేటలు తేలి, మోకాటిలోతు నీళ్లు మిగిలినప్పుడు ఈ తోకే దిక్కు. ఇసుక తగిలితే ఎత్తేయొచ్చు, దాటాక దించేయొచ్చు. అంత తేలికైన యంత్రం కాబట్టే కుర్రాళ్లకు దాన్ని విప్పాలని చేతులు దురద పెడతాయి. నాకూ పెట్టాయి.

ఇరవై ఏళ్లప్పుడు నేను చేసిన పని చెబుతాను. పడవ ఇంకాస్త ఉరకాలని ఇంజన్ గవర్నర్‌ను పనిచేయకుండా చేశాను. గవర్నర్ అంటే ఇంజన్ హద్దు మీరి తిరగకుండా ఆపే ఏర్పాటు. మా పెట్రోలు ఇంజన్‌కు హద్దు నిమిషానికి 3600 చుట్లు. తీసేశాక గుర్రంలా అరిచింది. వారం రోజులు రేవులో నేనే మొనగాణ్ణి. ఎనిమిదో రోజు రాత్రి మా వదినకు నొప్పులొస్తే ఆసుపత్రికి బయల్దేరాం. నది నడిమధ్యలో ఇంజన్ లోపల కనెక్టింగ్ రాడ్ విరిగి, పక్కన చిల్లి పడి నూనె కారిపోయింది. మా అన్నా నేనూ గెడలు పట్టుకున్నాం. ఇసుక తిన్నె మీదే కాన్పయింది. తల్లీ పిల్లా బతికారు. అందులో నా గొప్ప ఏమీ లేదు, మాతో వచ్చిన ముసలమ్మకు చేతిలో పనుంది. ఆ తర్వాత మా అన్న ఏడాదిపాటు నన్ను ఇంజన్ ముట్టుకోనివ్వలేదు.

ఆ ఏడాదంతా ఒడ్డున కూర్చుని పడవలు చూస్తూ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను. ఇంజన్ జోలికి పోవద్దు, తోక చూసుకోండి.

మొదట లెక్క. ఫ్యాను చుట్లు పదోవంతు పెంచాలంటే ఇంజన్ బలం సుమారు మూడోవంతు ఎక్కువ కావాలి. బలం చుట్ల ఘనంతో పెరుగుతుంది. ఇంజన్‌ను గుండెలవిసేలా తిప్పితే పెట్రోలు కాలుతుంది గాని పడవ కదలదు. పైగా బరువు మోసే నావకు దాని పొడవే హద్దు. నీటిని తాకే పొడవు 25 అడుగులుంటే గంటకు పన్నెండు కిలోమీటర్ల చిల్లర దగ్గర అది తన అలలోనే చిక్కుకుంటుంది. ఆపైన గుర్రబ్బలం రెట్టింపు చేసినా వచ్చేది కొంచెమే.

ఇక ఫ్యాను. పూర్తి బరువు ఎక్కించి, యాక్సిలేటర్ మొత్తం ఇచ్చి, చుట్లు కొలిచే మీటరుతో చూడండి. ఇంజన్ కంపెనీ చెప్పిన చుట్లను చేరుకోలేక నల్లపొగ పెడుతుంటే ఫ్యాను పిచ్ ఎక్కువ, అంటే రెక్కల వంపు ఎక్కువ. ఇట్టే చేరి గవర్నర్ దగ్గర కొట్టుకుంటుంటే పిచ్ తక్కువ. ఖాళీ పడవలో చూసి ఫ్యాను కొనేవాళ్లు మోసపోతారు. మనం నడిపేది ధాన్యం బస్తాలతో, మనుషులతో కదా. రెక్క అంచు ఇసుకకు అరిగి వంగితే ఆకురాయితో అంచు సరిచేసి మూడు రెక్కలూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూడండి. నా అనుభవంలో, ఇంజన్ పాడైందని నా దగ్గరికి వచ్చిన పడవల్లో సగానికి జబ్బు ఫ్యానులోనే.

షాఫ్ట్ ఏటవాలు కూడా చూడాలి. నీటి మట్టానికి 10 డిగ్రీల వాలులో ఉంటే తోపులో నూటికి ఒకటిన్నర పాలు వృథా. 30 డిగ్రీలైతే నూటికి పదమూడు పాలు. అందుకే షాఫ్ట్ పొడుగ్గా ఉండటం మేలు. కానీ పొడుగు పెరిగితే షాఫ్ట్ కొట్టుకుంటుంది, నడుమ బుష్‌లు పెట్టి గ్రీజు నింపుతుండాలి. ఇంజన్ బరువూ తోక బరువూ తిరుగుడు కీలు దగ్గర తూగేలా బిగిస్తే మీ భుజం బతుకుతుంది. ఇంకో మాట: ఈ చిన్న ఇంజన్లలో చాలావాటిని 20 డిగ్రీలకు మించి వంచి నడపకూడదు. నూనె ఒక పక్కకు పోయి లోపల పొడిగా రాసుకుంటుంది. తోక పైకెత్తి ఇంజన్ మోత పెట్టి వినోదించే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మలుపులో హఠాత్తుగా ఇంజన్ కీచుమని అరిచి పడవ ఈడ్చడం ఆపేస్తే, ఫ్యాను గాలి పీల్చిందని అర్థం. యాక్సిలేటర్ తగ్గించి ఫ్యాను లోపలికి ముంచండి. ఫ్యాను పైన అరచేతి వెడల్పు ఇనప రేకు బిగిస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది. వెల్డింగ్ షాపులో అరగంట పని. లోతు తక్కువైన చోట వేగం పెంచితే పడవ వెనక భాగం కిందికి కూర్చుంటుంది, ఇసుకను ఇంకా దగ్గరగా తెచ్చుకున్నట్టే. అక్కడ నెమ్మదే మేలు.

షాఫ్ట్ మీద మూత లేకుండా నడపొద్దు. చీర కొంగు, జుట్టు దానికి చుట్టుకుంటే ఆపే లోపే అయిపోతుంది. ఇంజన్ ఆగిపోయేలా తాడు ఒకటి నడిపేవాడి మణికట్టుకు ఉండాలి. మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు ఆ ఒడ్డు గిరిజనులే చిన్న పడవలతో వెళ్లి మనుషుల్ని లాగారు. ఆ రోజు ఆ పడవల ఇంజన్ ఒక్క తాడుకే స్టార్టవ్వాల్సి వచ్చింది. మీది కూడా అలా ఉందా అని రేపు ఒకసారి చూసుకోండి.

వరద తీసి నీళ్లు తేటపడ్డాక ఒక ఆదివారం రేవులో కూర్చుంటాను. ఫ్యాను, షాఫ్ట్ విప్పుకుని తీసుకురండి. ఆకురాయి, చుట్లు కొలిచే మీటరు నావి. గ్రీజు మీరు తెచ్చుకోండి.