నిల్వలతో వెసులుబాటు రాదు
(స్మారకోపన్యాసం)



మా గురువుగారి పేరిట మాట్లాడే అవకాశం నాకు దక్కిన గౌరవం. ఆయన పాండిత్యం గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నా చేతిరాత బాగాలేదని, ఎం.టెక్ చదువుతున్న నాచేత ఆయన కాపీ పుస్తకం రాయించారు. లెక్క తప్పితే ఎవరైనా దిద్దుతారు, అక్షరం తెలియకపోతే దిద్దే దారే లేదనేవారు. ఆ ఋణం తీరేది కాదు. ఇక విషయానికి వస్తాను.

సామర్థ్యం పెంచుకుంటూ పోతే కొత్తదనం సన్నగిల్లుతుందని పరిశోధకుడు అబర్నతీ 1978లో అమెరికా కార్ల పరిశ్రమను చూపి రాశారు. ఉన్నదాన్ని వాడుకోవడం, లేనిదాన్ని వెతకడం ఒకే వనరుల కోసం పోటీ పడతాయని జేమ్స్ మార్చ్ 1991లో అన్నారు. గిరాకీ నిలకడగా ఉండే సరుకుకు పొదుపైన సరఫరా, అంచనాకు అందని సరుకుకు చురుకైన సరఫరా కావాలని మార్షల్ ఫిషర్ 1997లో విడదీశారు. ఇవన్నీ మీరు చదివినవే.

నా పేచీ వీటి నుంచి మనవాళ్లు లాగిన తీర్మానంతో. సామర్థ్యం, వెసులుబాటు (అంటే మార్పుకు తగ్గట్టు మారగలగడం) త్రాసులో రెండు తట్టలట. ఒకటి లేస్తే రెండోది దిగాల్సిందేనట. కోవిడ్ తర్వాత ఈ వాదం ఇంకా ముదిరింది. గోదాములు నింపండి, అదే వెసులుబాటు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున జపాన్‌లోని కరియాలో ఐసిన్ సేకీ ఫ్యాక్టరీ తగలబడింది. వెనక బ్రేకుల ఒత్తిడిని అదుపుచేసే పీ-వాల్వులు టొయోటాకు దాదాపు అన్నీ అక్కడినుంచే వచ్చేవి. పిడికిట్లో పట్టే వస్తువే గాని, లోపల పోనుపోను ఇరుకయ్యే సన్నని రంధ్రాలుంటాయి. వాటికోసం చేయించుకున్న డ్రిల్లులు, జిగ్గులు మంటల్లో పోయాయి. నిల్వ రెండు మూడు రోజులకు మించి లేదు. కార్ల లైన్లు ఆగాయి.

తర్వాత జరిగినదాన్ని పరిశోధకులు నిషిగుచి, బోడే 1998లో వివరంగా రాశారు. ఐసిన్ తన డ్రాయింగులు పంచిపెట్టింది. కుట్టుమిషన్ల కంపెనీ బ్రదర్‌తో సహా పదుల సంస్థలు తమ దగ్గరున్న మామూలు యంత్రాలకు సొంతంగా ఫిక్స్‌చర్లు (వస్తువును బిగించి పట్టే అమరికలు) కట్టుకుని వాల్వులు చేశాయి. ధర బేరం ముందు ఎవరూ ఎత్తలేదు. మొదటి వాల్వులు నాలుగు రోజుల్లోపే వచ్చాయి. వారం తిరిగేసరికి ఫ్యాక్టరీలు తెరుచుకున్నాయి. ఇది గోదాము చేసిన పనా?

వాల్వు ఎవరైనా చేయగల లోహపు ముక్క, 2011 జపాన్ భూకంపంలో రెనెసాస్ కంపెనీ నాకా చిప్పుల ఫ్యాక్టరీ దెబ్బతిన్నప్పుడు చిప్పులు ఇలా చేయగలిగారా అని కొందరు నన్ను అడిగారు. అంత త్వరగా చేయలేకపోయారు. కార్ల కంపెనీల మనుషులు వెళ్లి ఆ ఫ్యాక్టరీని లేపడానికి సాయపడ్డారు. అందుకే టొయోటా చిప్పులకు రెండు నుంచి ఆరు నెలల నిల్వ ఉంచమని సరఫరాదారులను అడిగింది. 2021 చిప్పుల కరువు మొదట్లో తట్టుకుంది కూడా. కాబట్టి ఈ ఉదాహరణ నా వాదానికే బలం: పని తెలిసినవాళ్లు మరోచోట లేనప్పుడే నిల్వ అవసరం.

సామర్థ్యం, వెసులుబాటు కలిసి ఉండగలవనే కాలిఫోర్నియాలోని నుమ్మీ కార్ల ఫ్యాక్టరీ మీద ఆడ్లర్ బృందం కూడా 1999లో రాసింది. సామర్థ్యంలో మేటి అయిన ఆ ఫ్యాక్టరీయే మోడల్ మార్పులోనూ మేటిగా ఉండేది. మార్పుకు సిద్ధంచేసే జట్టులో లైను కార్మికులుండేవారు. అలవాటులేని పనికీ అక్కడొక పద్ధతి ఉండేది. శిక్షణ, నమ్మకం లేనిదే ఇలాంటి పద్ధతులు నిలవవు.

ఇప్పుడు మా బృందం హైదరాబాద్‌లోని బాలానగర్ చిన్న పరిశ్రమల్లో చేస్తున్న పని ఈ ఆలోచన నుంచే పుట్టింది. ఏ షెడ్డులో ఏ యంత్రముందో కనుక్కోవడం తేలిక. ఏ ఫిట్టరు కొత్త డ్రాయింగు చూసి పని ఎత్తుకోగలడు, ఫిక్స్‌చర్ తానే కట్టుకోగలడా, పక్క షెడ్డువాళ్ల పని ఎవరి మాట మీద తీసుకుంటాడు — ఇవి మేం రాసుకుంటున్నాం. పెద్ద కంపెనీలు ఈ షెడ్డులవాళ్లను ధర తగ్గించమంటాయి. ఆ తగ్గింపు ఫిట్టరు నేర్చుకునే గంటల్లోంచి పోతే, సామర్థ్యం, వెసులుబాటు రెండూ ఒకేసారి పోతాయి. కొనేవాళ్లు ఆ గంటలకూ ధర కట్టి ఆర్డరులో రాయాలి. నేను కోరేది ఇదే.