ఒకే యూనిఫాం: బ్యాండు, తుపాకీ
(మైనారిటీ హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పోలీసు శాఖలో ముస్లింల ప్రాతినిధ్యం పెరగాలని ఉదయం నుండి వక్తలు కోరుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే యూనిఫాంలో మనవారు ఉన్నంత మాత్రాన న్యాయం దక్కుతుందా? ఫిలిప్పీన్స్ చరిత్ర ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెబుతున్నది.

1898లో స్పెయిన్ నుండి ఆ దీవులను చేజిక్కించుకున్న అమెరికా, స్థానికుల ప్రతిఘటనను అణచేందుకు 1901 ఆగస్టులో ఫిలిప్పీన్స్ కాన్‌స్టాబులరీ అనే సాయుధ పోలీసు దళాన్ని నెలకొల్పింది. అధికారులు ఎక్కువగా అమెరికన్లు, జవాన్లు స్థానికులు. మరుసటి సంవత్సరమే ఆ దళానికి బ్యాండు ఏర్పడింది. గవర్నర్ టాఫ్ట్ దాని బాధ్యతను వాల్టర్ లవింగ్ అనే నల్లజాతి సైనిక సంగీతకారునికి అప్పగించాడు. బానిసత్వాన్ని చవిచూసిన కుటుంబపు బిడ్డ ఆయన.

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ బ్యాండు బహుమతి పొందింది. వాయిస్తుండగా దీపాలు ఆరిపోతే, లవింగ్ తన బెత్తానికి తెల్ల రుమాలు కట్టి నడిపించాడనీ, కళాకారులు చీకటిలోనే తప్పు లేకుండా పూర్తి చేశారనీ చెబుతారు. 1909లో టాఫ్ట్ అధ్యక్షుడైనప్పుడు ఆ వేడుకలోనూ ఇదే బ్యాండు మ్రోగింది.

ఆ కళాకారుల ప్రతిభకు నమస్కరిస్తున్నాను. కానీ అదే సెయింట్ లూయిస్ మైదానంలో మోరో ముస్లింలను గుడిసెలలో ఉంచి, వినోదం కోసం వచ్చిన జనానికి చూపించారు. అమెరికా పాలనలో నాగరికులైన వారెవరో బ్యాండును చూసి తెలుసుకోవాలి; ఇంకా కావలసిన వారెవరో మోరోలను చూసి తెలుసుకోవాలి. ఆ ప్రదర్శన ఉద్దేశం అదే.

రెండేళ్లకు, 1906 మార్చిలో, జోలో ద్వీపంలోని బుద్ దాహో కొండపై తలపన్నును, విదేశీ పాలనను నిరాకరించిన మోరోలు కుటుంబాలతో సహా తలదాచుకున్నారు. అమెరికన్ సైన్యంతో పాటు కాన్‌స్టాబులరీ కూడా ఆ కొండపై దాడి చేసింది. స్త్రీలు, పిల్లలతో కలిపి 600 నుండి 1,000 మంది వరకు మరణించారని అంచనా. సోదరులారా, గమనించండి: కాన్‌స్టాబులరీలో మోరో జవాన్లు కూడా ఉండేవారు. ఆజ్ఞ మాత్రం వారి చేతిలో లేదు. ఆ దళం మోరో ప్రజలకు జవాబుదారీ కాదు.

దేశం స్వతంత్రమైనా ఆ స్వభావం మారలేదు. 1972లో మార్కోస్ విధించిన సైనిక శాసనం కింద అరెస్టులలో, చిత్రహింసలలో కాన్‌స్టాబులరీ పేరు మ్రోగింది. 1991లో దానిని రద్దు చేసి పౌర పోలీసు వ్యవస్థలో కలిపారు. సైనిక శాసన కాలంలో దాని అధిపతిగా ఉన్న ఫిడెల్ రామోస్ తరువాత అధ్యక్షుడయ్యాడు. 1996లో మోరో జాతీయ విమోచన కూటమితో శాంతి ఒప్పందం ఆయన హయాంలోనే కుదిరింది. 2019లో ప్రజాభిప్రాయ సేకరణతో బాంగ్సామోరో స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది.

మరొక విషయం. సైనిక శాసన బాధితులకు పరిహారం ఇచ్చేందుకు ఫిలిప్పీన్స్ 2013లో చట్టం చేసింది. 75 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గుర్తింపు దక్కినది 11,103 మందికే. నలభై ఏళ్ల నాటి గాయానికి ఆధారం చూపడం ఎంత కష్టమో ఊహించండి. నేను ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాడిని. నోటిమాటగా చెప్పుకున్న బాధ ఆఫీసు గడప దాటదు. అన్యాయం జరిగిన నాడే తేదీ, స్థలం, సాక్షుల పేర్లు వ్రాసుకోండి; ఎఫ్ఐఆర్ నకలు అడిగి తీసుకోండి, భద్రపరచండి.

మన పిల్లలు పోలీసు ఉద్యోగాలలో చేరాలి. చేరినవారూ, చేర్చుకున్న శాఖా చట్టానికీ ప్రజలకూ జవాబు చెప్పాలి. ఈ రెండు కోరికలనూ కలిపే అడుగుదాం. బ్యాండు ఎంత శ్రావ్యంగా మ్రోగినా, దాని వెనుక నడిచే తుపాకీ ఎవరి ఆజ్ఞకు లోబడి ఉందో అడగడం మన హక్కు, మన బాధ్యత.