గ్రాఫిక్స్ కార్డును కొలిచేదెట్లా?



అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ వానను నమ్ముకుని శనక్కాయ వేసే ఇళ్ల నుంచే ఎంతోమంది పిల్లలు ఈ రోజు కంప్యూటర్ చదువులు చదువుతున్నారు. 1946లో మొదలై, ఇప్పుడు జేఎన్టీయూ అనంతపురంలో భాగమైన ఇంజనీరింగ్ కళాశాల మన ఊళ్లోనే ఉంది. వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్, కృత్రిమ మేధ నేర్చుకునే పిల్లలు ఏదో ఒక రోజు ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు కావాలని అడుగుతారు. బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, సికింద్రాబాద్ సీటీసీకో వెళ్లి వేల రూపాయలు పెట్టి తెచ్చుకునే వస్తువు అది. దాని అట్టపెట్టె మీద ఉన్న అంకెలను ఎట్లా చదవాలో, ఏ అంకెను ఎంతవరకు నమ్మాలో ఈ పూట చెప్పుకుందాం.

ముందు ఆ కార్డు చేసే పని తెలియాలి. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఆటలో బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే, సెకనులో 12 కోట్లకు పైగా చుక్కల రంగు లెక్కకట్టాలి. ఒక చుక్క లెక్క చాలావరకు ఇంకో చుక్క కోసం ఆగనక్కర్లేదు. విత్తనానికి శనక్కాయలు వొలిచేటప్పుడు వరుసగా కూర్చున్న ఆడవాళ్లు ఎవరి కుప్ప వాళ్లు వొలిచినట్టే, కార్డులోని వేల చిన్న కోర్లు దేని లెక్క అది చేసుకుంటాయి. అయితే ఎంతమంది కూర్చున్నా, కాయల గంప వేళకు రాకపోతే చేతులు ఖాళీగా ఉండాల్సిందే. ఆ గంపలు అందించే వేగాన్నే మెమరీ బ్యాండ్‌విడ్త్ అంటారు.

ఇప్పుడు మూడు కార్డులను పక్కపక్కన పెడదాం. ఎన్విడియా వాళ్ల ఆర్టీఎక్స్ 3060 2021లో వచ్చింది. ఆర్టీఎక్స్ 4060, ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 7600 రెండూ 2023లో వచ్చాయి. ఈ రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. వాటిలో మన తెలుగు ఇంజనీర్లు పనిచేస్తున్నారు.

కోర్లు లెక్కపెడితే 3060కి 3584, 4060కి 3072, 7600కి 2048. ఈ లెక్కన పాత 3060యే గెలవాలి. సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే టెరాఫ్లాప్స్ చూస్తే 3060కి దాదాపు 12.7, 4060కి 15.1, 7600కి 21.7. ఈ లెక్కన 7600 అందరినీ దాటిపోవాలి. కానీ మామూలు తెర మీద ఆటలు ఆడించి చూస్తే 4060, 7600 దాదాపు సరిసమానంగా నిలుస్తాయి, 3060 కాస్త వెనకబడుతుంది.

కారణం ఉంది. ఒక కంపెనీ కోరు, ఇంకో కంపెనీ కోరు ఒకటి కావు. ఏఎండీ కోరు వీలున్నప్పుడు ఒకేసారి రెండు లెక్కలు చేయగలదు, ఆ వీలు ఎప్పుడూ దొరుకుతుందన్నట్టు టెరాఫ్లాప్స్ లెక్కవేస్తారు. నిజమైన ప్రోగ్రాముల్లో అది కొన్నిసార్లే దొరుకుతుంది. ఇక 4060లో కోర్లు తక్కువైనా అవి ఎక్కువ వేగంతో, 2.46 గిగాహెర్ట్జ్ దాకా నడుస్తాయి. 3060 వేగం 1.78 మాత్రమే. కాబట్టి కోర్ల సంఖ్యను ఒకే కంపెనీ, ఒకే తరం కార్డుల మధ్యనే పోల్చాలి.

మెమరీ సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. 3060లో 12 జీబీ, మిగతా రెండింటిలో ఎనిమిదేసి జీబీలు. బ్యాండ్‌విడ్త్ 3060కి సెకనుకు 360 జీబీ, 4060కి 272. ఈ లోటు పూడ్చడానికి 4060 చిప్పులోనే క్యాష్ అనే వేగమైన చిన్న మెమరీని 24 ఎంబీల మేర పెట్టారు, ఆటల్లో అది బాగానే ఆదుకుంటుంది. కానీ కృత్రిమ మేధ మోడల్‌కు 10 జీబీ చోటు కావాలంటే క్యాష్ ఏమీ చేయలేదు. ఎనిమిది జీబీల కార్డులో అది పట్టదు, కంప్యూటర్ మెమరీ మీద ఆధారపడి నత్తనడక నడుస్తుంది, లేదా ఆగిపోతుంది. ఆటలో వెనకబడ్డ 3060 ఇక్కడ ముందుకొస్తుంది. పైగా కృత్రిమ మేధ పాఠాలు, సాధనాలు ఎక్కువగా ఎన్విడియా వాళ్ల ప్రోగ్రామింగ్ వ్యవస్థ ‘కూడా’ (CUDA) మీద రాసినవే. నేర్చుకునే పిల్లలకు అది పెద్ద సౌకర్యం.

పేరు చూసి మోసపోకండి. 3060 పేరుతోనే 2022 చివర్లో 8 జీబీల కార్డు ఒకటి వచ్చింది. దాని బ్యాండ్‌విడ్త్ 240కి పడిపోయింది. ల్యాప్‌టాప్‌లో 4060 అని రాసి ఉన్నా, దానికి 35 వాట్లే ఇవ్వాలో, 115 వాట్లు ఇవ్వాలో తయారీదారు ఇష్టం. పనితనం ఆ వాట్లను బట్టే ఉంటుంది.

వాట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క చూడాలి. 3060 నిండు పనిలో 170 వాట్లు తీసుకుంటుంది, 4060 115. తేడా 55. రోజుకు నాలుగు గంటలు నిండుగా నడిపితే ఏడాదికి దాదాపు 80 యూనిట్ల కరెంటు. తీసుకున్న వాట్లన్నీ చివరికి గదిలో వేడిగానే దిగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కార్డుల పరీక్షల్లో కనిపించే ఫలితాలు సాధారణంగా చల్లని గదుల్లో తీసినవి. గది పదిహేను డిగ్రీలు వేడెక్కితే చిప్పూ దాదాపు అంతే వేడెక్కుతుంది, హద్దు చేరగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. మన గాలుల్లో దుమ్ము కూడా ఎక్కువ. కార్డును చల్లబరిచే రెక్కల మధ్య అది పేరుకుంటే మంచి కార్డు కూడా నెమ్మదిస్తుంది. కాబట్టి గాలి ఆడే క్యాబినెట్, నమ్మకమైన పవర్ సప్లై, నెలకోసారి దుమ్ము దులపడం, ఇవి కార్డు ధరలో భాగమే అనుకోవాలి.

ఆటల ఫలితాలు చూసేటప్పుడు సెకనుకు వచ్చే బొమ్మల, అంటే ఫ్రేముల, సగటు దగ్గరే ఆగకండి. అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం ఎంతో విడిగా చెబుతారు. సగటు 90 ఉండి అది 30కి పడిపోతే బొమ్మ కుదుపులతో నడుస్తుంది. సగటు 75 ఉండి అది 60 ఉంటే కంటికి హాయిగా ఉంటుంది.

విద్యార్థులారా, తల్లిదండ్రులారా! అంగడికి పోకముందే ఆ కార్డుతో చేయబోయే పని ఏమిటో రాసుకోండి. ఆ పనికి ఎంత మెమరీ కావాలో తెలుసుకోండి. అదే పనిలో, అదే కార్డును కనీసం ఇద్దరు ముగ్గురు పరీక్షించిన ఫలితాలు చూడండి. ఆ తర్వాతే ధర అడగండి. పాత కార్డు కొంటుంటే అరగంట నిండు పని మీద నడిపించి, వేడి చూసి, డబ్బు చేతికివ్వండి. కష్టపడి కూడబెట్టిన రూపాయి పేరుకో, పెద్ద అంకెకో కాక, మీ చదువుకు పనికొచ్చే సామర్థ్యానికే ఖర్చు కావాలి.